నవాబు భుక్తి నిర్ణయ విజయము

ఏ తల్లి కటాక్షవీక్షణం సోకినంతనే సార్వభౌములు సైతం సింహాసనాలు దిగి వంటింటి గుమ్మం వైపు అడుగులు వేస్తారో, ఏ తల్లి ఆజ్ఞను మీరి మహాతపస్వులు కూడా మిట్టమధ్యాహ్నం దాటి నిలవలేకపోయారో, ఏ తల్లి సమక్షంలో పండితుడూ పామరుడూ పిల్లీ సరిసమానులో, ఆ ఆకలి తల్లికి ముందుగా మోకరిల్లి, ఆమె చెల్లెలైన అరుగుదల తల్లికి ఆ వెంటనే నమస్కరించి, కాలువగట్ల చల్లగాలి వీచే తెనాలి పట్టణాన, శ్రావణమేఘాలు నందివెలుగు వైపు నుంచి దండెత్తి వచ్చి దండేల మీది బట్టలను చెరబట్టే ఈ వర్తమాన యుగాన, ఒకానొక వీధిలో జరిగిన మహాసంగ్రామాన్ని వినిపిస్తున్నాను. చెవి ఒగ్గండి. మధ్యలో కరెంటు పోతే నా పూచీ లేదు.

ఆ వీధిలో షాకిర్ అనే వీరుడున్నాడు. వేమూరు వైపు ఒక హైస్కూల్లో తెలుగు పండితుడు. తత్పురుషను తల్లిలా, బహువ్రీహిని బావమరిదిలా చూసుకునే మనిషి. బస్సులో సీటు అడిగినా గ్రాంథికంలోనే అడుగుతాడు గనుక ఆయనకు సీటు దొరికిన దాఖలా లేదు. ఆ ఇంట ఆయన తల్లి జానీ బీ, భార్య నగ్మా, వీరందరి నెత్తిన నవాబు ఉంటారు.

నవాబు! మృదుపాదసంచార చతురుడు, మీగడతరకల యందు అచంచల భక్తితత్పరుడు, కపిలవర్ణ రేఖాంకిత విశాలోదర విరాజితుడు, మూషికలోకానికి బొత్తిగా అపరిచితుడు అయిన ఆ మార్జాల మార్తాండుడు గడప మీద పడుకుంటే ఇంట్లోవాళ్ళు దాటుకుని పోవాలి తప్ప వాడు జరగడు. వీధిలో ఎలుకలు వాడి మీసాల పక్క నుంచే పెళ్ళివారిలా తిరుగుతుండేవి.

ఇట్లుండగా ఒకనాడు ఆ మహోదరుడు వంటగట్టు మీది పాలగిన్నెను జయించదలచి, వెనక్కి తగ్గి, తోక ఝళిపించి, సింహకిశోరంలా ఎగిరి, సగం దూరం మాత్రమే వెళ్ళి, కింద నానబోసిన మినప్పప్పు గిన్నెలో తోకతో సహా కూలాడు. పప్పు పోయింది, పరువూ పోయింది. పప్పులోంచి బయటికి తీసి తుడిచినా వాడు లేచి నిలబడటానికి ఆయాసపడటం చూసి షాకిర్ మాస్టారి గుండె ఝల్లుమంది. మర్నాడే వాణ్ణి కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి, బాపట్ల రైలెక్కాడు. అక్కడ పశువైద్యురాలు డాక్టర్ షారోన్ ఉంది.

ఆమె బుట్టలోకి చూసింది. తర్వాత మాస్టారి వైపు చూసింది.

“ఇది పిల్లి కాదండి మాస్టారూ, పరుపండి. రోజుకి ఎన్నిసార్లు పెడతారు?”

“రెండు పర్యాయములేనండి.”

“మీరు రెండుసార్లు పెడతారు, సరే. ఇంట్లో మిగతావాళ్ళో?”

మాస్టారు బుట్ట మీది తువ్వాలు సర్దసాగాడు.

“పొద్దున ఒక టీకప్పు తిండి, సాయంత్రం ఒక టీకప్పు. మధ్యలో ఏమీ వద్దండి. ఇట్లాగే పెరిగిందంటే కాళ్ళు మొయ్యలేవు, షుగరొస్తుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడ్చినా నేనేం చెయ్యలేను,” అని ఆ వైద్యశిరోమణి తీర్పు చెప్పింది.

ఇక్కడొక మాట చెప్పేయాలి. తర్వాత చెబితే యుద్ధం మధ్యలో కథ ఆగిపోతుంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చే షాకిర్ మాస్టారికి ఎదురొచ్చేవాళ్ళెవరూ లేరు. ఆ వేళకు తల్లి సీరియల్లో ఉంటుంది, భార్య కుట్టుమిషను మీద ఉంటుంది. ఆయన గ్రాంథికం విని విని ఇద్దరూ అలిసిపోయారు కూడా. గేటు దాకా ఎదురొచ్చి, కాళ్ళకు ఒకసారి రాసుకుని, ముందు నడుస్తూ ఇంట్లోకి తీసుకుపోయే ప్రాణి నవాబు ఒక్కడే. ఆ ప్రాణి బతకాలి. బతికి, రోజూ గేటు దగ్గరికి రావాలి. తిండి తగ్గిస్తే మొదటిది నిలుస్తుంది, రెండోది పోతుందేమో! బాపట్ల నుంచి తెనాలి దాకా ఆ వీరుడు బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఇదే తలపోశాడు. ఎదుటి సీటాయన “పుంజా, పెట్టా?” అని అడిగితే తువ్వాలు ఇంకాస్త కిందికి లాగాడు.

ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, నట్టింట నిలిచి, కుడిచెయ్యి ఎత్తి ఇట్లా గర్జించాడు:

“ఓ కుటుంబజనులారా, వినుడు! నేటి నుండి ఈ గృహమున నవాబునకు ఉభయసంధ్యల యందును చషకమాత్రాహారమే విధింపబడినది. తన్మధ్యమున మీగడయైనను, మీనశకలమైనను, ప్రేమచేతనైనను, పొరపాటుననైనను ఒసంగు హస్తము నాకు శత్రుహస్తము! ఎరుగుడు!”

జానీ బీ టీవీ శబ్దం తగ్గించింది.

“ఏంట్రా షాకీ, పిల్లికి అన్నం మానిపిస్తన్నావా?”

“మానిపించుట కాదమ్మీ, మితము చేయుట!”

“నీ మితం నువ్వు చూసుకో. తినేటప్పుడు మన వంక చూసే నోటికి ఒక ముద్ద పెట్టకుండా తింటే అరుగుద్దంట్రా? దిష్టి తగులుద్ది. కడుపులో నెప్పొస్తే ఎవురు చూస్తారు, నీ బాపట్ల డాక్టరమ్మా?”

అదీ ఆ ఇంటి ధర్మశాస్త్రం. జానీ బీ అమ్మ దగ్గర జానీ బీ, జానీ బీ దగ్గర ఆ ఇల్లంతా నేర్చుకున్నది. చూసే కళ్ళకు ముద్ద పెట్టాలి. మనిషి కావచ్చు, మేక కావచ్చు, కాకి కావచ్చు. ఈ శాస్త్రాన్ని ఆ ఇంట అందరికంటే క్షుణ్ణంగా చదువుకున్నవాడు నవాబు. ఇడ్లీ దగ్గర, టీలో ముంచిన బిస్కెట్టు దగ్గర, మధ్యాహ్నపు అన్నం దగ్గర, సాయంత్రపు పకోడీ దగ్గర ఎవరి పళ్ళేనికి ఎంత దూరంలో కూర్చుని కళ్ళు ఎంత మేరకు తెరవాలో వాడికి కరతలామలకం. దిష్టి భయం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లికి ఎలుకలెందుకు?

“మరి నీవో నగ్మా?” అన్నాడు మాస్టారు.

“నేనసలు పెట్టనే పెట్టనండి. గిన్నెలు కడిగేటప్పుడు అడుగున మిగిలింది వేస్తా, అంతే. అది పెట్టడం కాదుగా!”

మర్నాటి ఉదయం యుద్ధం మొదలైంది. మాస్టారు స్వహస్తాలతో టీకప్పు కొలిచి గిన్నెలో పోశాడు. నవాబు దానిని రెప్పపాటులో కబళించి, ఇది ముందుమాట మాత్రమే కదా అన్నట్టు తలెత్తి చూశాడు. మాస్టారు చూపు తిప్పుకున్నాడు. తల్లి శాస్త్రం తెలిసినవాడు గనుక, ఇంటిల్లిపాదీ తినే వేళకు వాణ్ణి బయటికి నెట్టి తలుపు గడియ వేశాడు. కళ్ళు కనబడకపోతే దిష్టి లేదు, దిష్టి లేకపోతే ముద్ద లేదు. తర్కం దివ్యంగా ఉంది. కానీ తలుపు అవతల నుంచి, చెవులు చిల్లులు పడే మార్జాలగానం తారస్థాయిలో మొదలై వీధి మలుపు దాకా పాకింది.

పక్కింటి విశాలాక్షి గారు గోడ మీద నుంచి తొంగిచూసింది. ఆవిడ ఇంట పప్పు, పెరుగు తప్ప మూడో రుచి లేదు; జాలి మాత్రం అపారం.

“షాకిర్ తమ్ముడూ, ఏంటయ్యా ఆ ఏడుపు? పిల్లికి అన్నం పెట్టట్లేదా ఏంటి? పాపం, నోరులేని జీవం కదూ!”

నోరులేని జీవమట! ఆ మాట వినగానే నవాబు నోరు మూసి, గోడ కింద నీళ్ళు పోయే తూములోంచి పొట్టను రెండు విడతలుగా లాక్కుని పక్క రాజ్యంలోకి వలసపోయాడు. కాసేపటికి మాస్టారు కిటికీలోంచి చూస్తే, చేపముల్లు తప్ప కన్నెత్తి చూడని ఆ మాంసాహార శార్దూలం విశాలాక్షి గారి గడప ముందు కూర్చుని పెరుగన్నం నాకుతున్నది. నాకి, ఆవిడ పాదాలకు ఒళ్ళు రాసుకుంది. మాస్టారికి అన్నం సహించలేదు. చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన బిడ్డ పొరుగింటి వాళ్ళను అమ్మా అని పిలిచినట్టయింది.

వెంటనే గోడ దగ్గరికి వెళ్ళి రాయబారం నెరిపాడు. షుగరు మాట విని ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో, ముందే చెప్పొద్దూ! షుగరైతే మా ఆయనకే పెట్టట్లేదు, నీ పిల్లికి పెడతానా!”

పొరుగు సరిహద్దు మూసుకుంది. అయినా రోజులు గడుస్తున్నా నవాబు నడుము అంగుళం తగ్గలేదు. సాయంత్రాలు గేటు దగ్గరికి రావడం మాత్రం మానలేదు. ఎందుకు వస్తున్నాడో మాస్టారికి తెలుసు. మనకు కాసేపట్లో తెలుస్తుంది. పైకి మాత్రం ఆయన, ఇంట్లో ద్రోహి ఉన్నాడు, ఆ ద్రోహి హస్తాన్ని సాక్ష్యంతో పట్టుకుంటానని భీషణ ప్రతిజ్ఞ చేశాడు.

ఆ ఆదివారం రేపల్లె నుంచి నగ్మా అన్న ఫరూక్ ఒక పండుగప్ప చేపను మోసుకొచ్చాడు. నగ్మా పులుసు పెట్టింది. ఆ పులుసు వాసన లేచిందంటే వీధిలో ఏ పిల్లికీ ఆత్మగౌరవం మిగలదు. నేల మీద దస్తర్ఖాన్ గుడ్డ పరిచి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ద్రోహిని పట్టడం కోసం మాస్టారు ఆనాడు తలుపు గడియ వేయలేదు.

నవాబు వచ్చాడు. అరవలేదు. మీద పడలేదు. దస్తర్ఖాన్ అంచున కూర్చుని, తోకను ముందరి కాళ్ళ చుట్టూ చుట్టుకుని, చూశాడు. ఆహా, ఏమి చూపు! అదొక అమోఘ శరపరంపర. మొదటి బాణం జానీ బీ మీద పడింది, ఆమె ముద్ద పళ్ళేనికీ నోటికీ మధ్య ఆగిపోయింది, పెదవులు కదిలాయి, కొడుకు ముఖం చూసి, ముద్ద మింగి, కడుపు పట్టుకుంది. రెండోది నగ్మాకు తగిలింది. ఆమె కళ్ళు మూసుకుని తిన్నది. మూడోది ఫరూక్‌కు తగిలింది. అతను అతిథి గనుక ముక్క తీయబోయి, బావ గుడ్లురిమితే మళ్ళీ పులుసులో పడేశాడు. ఒక్కరి చెయ్యీ జారలేదు.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

“కపటనాటక సూత్రధారులారా! నేడు నా కన్నుల ఎదుట నిగ్రహము నటించి, నేను పాఠశాలకేగిన పిదప వీనికి విందులొనర్చు వంచకులెవ్వరు? వీని ఉదరమే సాక్షి! ఒప్పుకొనుడు!”

నగ్మా కళ్ళు తెరిచింది.

“బడికేసుకెళ్ళే చొక్కా తెమ్మంటారా?”

“చొక్కాయా? ఏల?”

“జేబు చూపించడానికండి. రోజూ ఉతికేటప్పుడు ఎండురొయ్యల పొట్టు దులిపేది నేనే కదా. మా అన్నయ్య పోయినసారి తెచ్చిన డబ్బా సగానికొచ్చింది. అత్తమ్మేమో నేనే వండేస్తన్నాననుకుంటంది!”

“అల్లా! దూలాభాయ్, జేబులో రొయ్యలేసుకుని పాఠం చెప్తున్నారా!” అన్నాడు ఫరూక్, పులుసు గొంతుకు అడ్డం పడగా.

శ్రోతలారా, ఛందస్సు చెప్పే ఆ గురువరేణ్యుని మొదటి బెంచీ పిల్లలు కొన్నాళ్ళుగా ఒక్కొక్కరే వెనక్కి ఎందుకు జరిగిపోతున్నారో ఇప్పుడు బోధపడింది కదా! దొంగను పట్టబోయిన కొత్వాలు తన చొక్కా జేబులోనే దొరికిపోయాడు. మాస్టారు ఎత్తిన చెయ్యి దించాడు. కూలబడ్డాడు.

“నేనే పెడుతున్నా అమ్మీ. గేటు దగ్గర, రోజూ ఓ గుప్పెడు. పెట్టకపోతే రాడేమోనని.”

ఆ మాటల్లో ఒక్క సమాసం లేదు. ఆ ఇంట్లో ఆయన అంత తేలిక తెలుగు మాట్లాడటం ఎవరూ విని ఎరగరు. నగ్మా గరిటె కింద పెట్టేసింది. జానీ బీ తన పళ్ళెం కాస్త పక్కకి జరిపింది.

“పిచ్చి సన్నాసీ,” అంది. “ఇట్రా. ఆ డాక్టరమ్మ కప్పు తెచ్చి నా పళ్ళెంలో ఓ పక్కకి పొయ్యి. పొద్దున కప్పు పొద్దున, సాయంత్రం కప్పు సాయంత్రం. వాడు చూసినప్పుడల్లా దాంట్లోంచే గోరంత పెడతా. నా పళ్ళెంలోది పెట్టినట్టే, డాక్టరమ్మ మాటా నిలిచినట్టే. అయిపోయిందా, ఇక వాడు చూసినా నాకు దిష్టి లేదు. పెట్టాల్సింది పెట్టేశాగా!”

చూశారా! ఎన్నిసార్లన్నది జానీ బీ శాస్త్రం, ఎంతన్నది షారోన్ శాస్త్రం. పండితుడు రోజుల తరబడి గర్జించి సాధించలేని సంధిని ఆమె చేపపులుసు చల్లారేలోపు కుదిర్చింది. నగ్మా గిన్నెల అడుగులు కూడా ఆ కప్పులోకే చేరాయి.

“నీ రొయ్యలు మాత్రం మానెయ్,” అంది జానీ బీ ముగింపుగా. “రావాలనుకుంటే వస్తాడు.”

ఆ ఆఖరి మాటే అసలైన అగ్నిపరీక్ష. సోమవారం సాయంత్రం ఆ వీరుడు ఉత్త జేబుతో గేటు ముందు నిలిచాడు. నవాబు వచ్చాడు. జేబు వైపు మూతి ఎత్తి వాసన చూశాడు. ఏమీ లేదు. మనుషుల్లో కూడా ఎవరూ చూడలేనంత చిన్నచూపు చూసి, వెనుదిరిగి ఒక్కడే లోపలికి పోయాడు. మర్నాడు గేటు దగ్గరికే రాలేదు. మాస్టారు చెప్పులు విడిచి, చడీచప్పుడు లేకుండా ఇంట్లోకి వెళ్ళి, అన్నం చాలంటే చాలని లేచిపోయాడు. రొయ్యల డబ్బా అటక మీద చేతికందే ఎత్తులోనే ఉంది. ఆయన దాని వంక చూశాడు. ముట్టలేదు. ఆ ముట్టకపోవడం ఉందే, దానికి నేను పది పద్యాలు చెప్పగలను గానీ మీరు వినరు.

ఆ మరుసటి సాయంత్రం వాన. బస్సు ఆలస్యం. గొడుగు ఈదురుగాలికి వెనక్కి తిరిగిపోగా, తడిసి ముద్దయిన ఆ తెలుగు పండితుడు గేటు వైపు చూడకూడదని తల దించుకునే నడిచాడు. గడియ తీయబోతే కాలికి ఏదో మెత్తగా తగిలింది. నీళ్ళంటే ఆమడ దూరం పారిపోయే నవాబు, గోడ వార నిలబడి, ఒక చెవి తడిపించుకుని, ఆయన్నే చూస్తున్నాడు. మాస్టారు వంగాడు. వాడు జేబు వాసన చూశాడు. సుద్దముక్క వాసన. తుమ్మాడు. తుమ్మి, కాళ్ళకు ఒకసారి రాసుకుని, తోక నిలబెట్టి, ముందు నడిచాడు.

మ్రోగించండి భేరులు! తెనాలి, బాపట్ల, రేపల్లె త్రిపురాలలోనూ చాటించండి! కోటలు గెలిచినవాళ్ళ కథలు మీరు చాలా విన్నారు. వాళ్ళందరి వెనకా ఏనుగులున్నాయి, బంగారముంది, పంచిపెట్టే దోపిడీసొమ్ముంది. షాకిర్ మాస్టారి జేబులో ఒక్క రొయ్యతోక కూడా లేదు. పిల్లి వచ్చింది!