ఎండేకొద్దీ తడి

తెల్లారేసరికి కళింగపట్నం వైపు ఆకాశం ఎండుచేప పొట్టలా మసకగా ఉంది. గాలి లేదు, ఒకటే ఉక్క. సాయంత్రానికి వాన తప్పదు. ఈలోగా కళ్లంలో ధాన్యం కొనుగోలు కేంద్రానికి చేరకపోతే కుప్ప కుప్పంతా మొలకెత్తుతుంది.

కూర్మయ్య గింజను కొరికి చూశాడు. టక్కుమంది. చారెడు మచ్చు గింజలు తాతల నాటి అలవాటు ప్రకారం పంచె రొంటిన దోపుకొని కేంద్రానికి నడిచాడు. తేమ చూసే అరుణశ్రీ వాటిని మీటరు పెట్టెలో పోసింది.

"పంతొమ్మిది ఉన్నాది మావా. పదిహేడు దాటితే తీసుకోను."

కూర్మయ్య తిరిగొచ్చి భార్య మీద పడ్డాడు. "రాత్రి పరదా సరిగ్గా కప్పినావేటి?"

"కప్పింది నువ్వు. నాను రాళ్లెట్టినాను," అంది సుభద్రమ్మ.

కుప్పను మళ్లీ నెరిపారు. మబ్బు సందున ఎండ చురుక్కుమంది. ఈసారి కూర్మయ్య కొత్త మచ్చు రొంటిన దోపుకొని పరుగున వెళ్లాడు. ఇరవై ఒకటి.

"ఎండబెట్టి తెచ్చినానమ్మా."

"పెట్టికి సెప్పు మావా."

"సముద్రం గాలి పట్టేసింది బావా, దాన్యం పసులసాలలో పోసెయ్," అన్నాడు బావమరిది ధనరాజ్. సాలలోని గేదెను బయట కట్టి, ధాన్యం గంపలతో లోపలికి మోశారు. గేదె పలుపు తెంచుకొని ధనరాజ్ వంగతోటలో పడింది. దాన్ని తరిమి, ఆ ఊపులోనే కూర్మయ్య కేంద్రానికి పరుగెత్తాడు. ఇరవై నాలుగు.

"ఇంకోసారి ఎండబెడితే వరదొస్తాది మావా," అంది అరుణశ్రీ.

వెనకాలే సుభద్రమ్మ గిన్నెతో గింజలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. పద్నాలుగు.

"అదే కుప్పా?" అన్నాడు కూర్మయ్య.

"కాదు, మా పుట్టింటినుంచి తెచ్చినాను."

అరుణశ్రీ చూపు అతని రొంటి మీద పడింది. పిండితే కారేంత చెమట.

"పెట్టిలో కరెంటు చూపిస్తే గింజ కదల్దు మావా. లోపలి నీరు మాత్రం అటు మొగం తిప్పుతాది. అమ్మవారి ఊరేగింపొస్తే జనం నిలబడినకాడే తిరగరా, అలాగ. గింజలోని పిండీ కొంచెం తిరుగుతాది గానీ నీటంత కాదు. ఎంత తిరిగిందో పెట్టి సూస్తాది."

కూర్మయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్లూ కొరికి చూసిన గింజలో ఇంత జాతర ఉందని ఎరగడు.

"నా సెమట కూడా తిరిగినాదా?" మెల్లగా అడిగాడు.

"అదే ముందు తిరిగినాది."

ధనరాజ్ ట్రాక్టరు మీద ఆఖరి బస్తా కేంద్రం షెడ్డులోకి చేరాక తొలి చినుకు పడింది. సుభద్రమ్మ హడావుడిగా వండి తెచ్చిన క్యారేజీ విప్పింది. గేదె తొక్కిన వంకాయల కూర. అరుణశ్రీతో కలిపి నలుగురూ బస్తాల పక్కన కూర్చొని తిన్నారు.

అన్నం బిరుసుగా ఉంది. నీళ్లు చాలలేదని మాత్రం ఎవరూ అనలేదు.