కుంకుడుకు భయపడని మడ్డి

కుంకుడు రసం కళ్ళలో పడి గోలపెట్టే యోగం లేక, సీసాల షాంపూతో పెరుగుతున్న పిల్లలూ! ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. వినండి.

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి కొర్ర పండించేవి. మళ్ళీ పంట దాకా అందరికీ అదే తిండి. ఒక ఏడు చేనుకు అగ్గితెగులు పట్టింది. అది బూజు జాతి తెగులు. కుంకుడు నురగ చల్లితే చస్తుంది. కానీ ఉన్న ఒక్క చెట్టు కాయలూ పంచాయతీ సభ్యుల తలంట్లకే చాలేవి కావు.

"చెట్టుతో పని లేకుండా ఆ సారం తయారుచెయ్యాలి," అని ఎలుగు ప్రెసిడెంటు తీర్మానించాడు.

పని ములుకమ్మ నెత్తిన పడింది. ములుకమ్మ ఏదుపంది, అడవికంతటికీ ఒకే ఒక్క శాస్త్రజ్ఞురాలు. అనుమానం వస్తే ఆమె ముళ్ళు లేస్తాయి. అవి వాలి ఉండగా చూసినవాళ్ళు లేరు.

కల్లుకుండ అడుగు మడ్డిలో ఈస్టు ఉంటుంది. దానికి కుంకుడు సారం చెయ్యడం నేర్పిందామె. ఈస్టు నేర్చుకుంది, చేసింది, చచ్చింది.

"ఇదేం చోద్యం?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఈస్టు కూడా బూజు జాతేనండీ. తను చేసిన మందుకు తనే పోతోంది."

"అయితే మందు భేషుగ్గా పనిచేస్తున్నట్టే!" అని నక్క సెక్రటరీ చప్పట్లు కొట్టాడు.

"పసివాళ్ళు పోతుంటే చప్పట్లా, సెక్రటరీగారూ?"

ఆనాటి నుంచి పెంపకం మొదలైంది. చుక్క మందు తగిలించడం, తట్టుకున్నవాటిని వేరే కుండలో పడుకోబెట్టడం, గోరువెచ్చని తేనెనీళ్ళు పట్టడం. కుండకు దిష్టిచుక్క కూడా పెట్టింది. చివరికి ఆ ఈస్టు కుంకుడు సారంలో ఈతకొట్టేంత అయింది. కుండల నిండా మందు!

"వడకట్టి చల్లించు," అన్నాడు ప్రెసిడెంటు.

వడకడితే ఆ పసివాళ్ళు గుడ్డకంటుకుని ఎండిపోరూ? ములుకమ్మకు చేతులు రాలేదు. "పాపం, కాస్త గాలి తగులుతుంది," అని మడ్డితో సహా చల్లించింది.

తెగులు మాయమైంది. సన్మానం జరిగింది. శాలువా ముళ్ళకు చిరిగింది. పంట గాదెకెక్కింది.

తరువాత ముసురు పట్టి గాదె కారింది. తడిసిన కొర్రలు మొలకెత్తి, బుసబుసా పొంగి, అడవంతా కల్లు వాసన కొట్టింది.

"ఈస్టు పట్టిందమ్మా! నీ మందు చల్లు!" అని ప్రెసిడెంటు అరిచాడు.

"చల్లానండీ."

"మరి?"

"ఈదుతున్నాయి." ములుకమ్మ తల దించుకుంది. "దానికి భయపడొద్దని చిన్నప్పటినుంచీ నేనే నేర్పాను."

నక్క గాదెలోంచి మూతి పైకెత్తి, "పెంపకమంటే ఇదీ!" అని తూలి పడ్డాడు.

ఆ ఏడు అడవిలో గంజికి కరువు, మత్తుకు కాదు. ఆకలితో ములుకమ్మ గాదె ముందు నిలబడి, "ఇక చాలు నాన్నా, ఆపండమ్మా," అని మడ్డిని బతిమాలుతూనే ఉంది.

నీతి: దేనికీ లొంగకుండా పెంచిన పిల్లలు మొట్టమొదట లొంగనిది పెంచినవాళ్ళకే.

ఈ కథ మీ పిల్లలకూ చెప్పండి. కుంకుడు రసంతో తలంటుతూ చెప్పండి. కళ్ళు మూసుకుని ఉంటారు, పారిపోలేరు.