పన్నెండు ఫోన్ల మంచం

శనివారం పొద్దున్నే బాలకృష్ణ కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, జేబులో తానే రాసుకున్న కృతజ్ఞతా ప్రసంగం. కంప్యూటర్ సెంటర్ నడిపే అతను తయారుచేసిన ఆన్‌లైన్ కుట్టు కోర్సును నాగిరెడ్డిపేట మహిళా సంఘంలో పన్నెండు మంది రెండు వారాలుగా చూస్తున్నారు. శిక్షణాధికారి పద్మప్రియ ఇవాళ వాళ్ల పనితనం చూస్తుంది. మెచ్చితే జిల్లా అంతటా అదే కోర్సు. మెచ్చకపోతే బాలకృష్ణకు మళ్లీ జిరాక్సులు, దుబాయి వీసా ఫారాలే గతి.

ఆ కోర్సంటే అతనికి ప్రాణం. నిజానికి కుట్టు తెలిసిన మనిషి ఎల్లారెడ్డి టైలర్ రాజమణి. ఆమె చొక్కా కత్తిరించి కాలర్ కుట్టి చూపిన వీడియో తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాలను కోర్సంటే ఎవరైనా నవ్వరా? అందుకని సూది పుట్టుక, దారం గొప్పతనం, కుట్టుమిషన్ అరవై రెండు భాగాలు అంటూ దాని ముందు ఇరవై ఒక్క పాఠాలు చేర్చాడు. తెర నిండా అక్షరాలు పోసి, వాటినే తన గొంతుతో ఒక్కటీ వదలకుండా చదివాడు. ఒక పాఠంలో ప్రశ్నలన్నీ నెగ్గితేగాని తర్వాతిది తెరుచుకోదు. రాజమణి అన్ని తాళాలకూ అవతల ఉంది.

మూడో రోజే సంఘం అధ్యక్షురాలు దేవవ్వ ఫోన్ చేసింది.

"సారూ, కాలర్ ఎప్పుడొస్తది? మొన్నటి సంది సూది ముచ్చటనే నడుస్తుంది."

"పునాది గట్టిగుండాలె అవ్వా. జర ఓపిక పట్టు."

"నాట్లు మీద పడ్డయి. ముందుకు జరుపుదామంటే వీడియో జరుగుతలేదు."

జరపాలనే చూశారా అని బాలకృష్ణకు రోషం పొడుచుకొచ్చింది. అప్పటికప్పుడే ఐదు నిమిషాలకోసారి "ఉన్నారా?" అని అడిగే పచ్చ బటన్ పెట్టాడు. నొక్కకపోతే పాఠం మొదటికొస్తుంది. మర్నాటి నుంచి పన్నెండు మందిలో ఒక్కరు కూడా బటన్ నొక్కడం మానలేదు. ప్రశ్నల్లో నూటికి నూరు. చదువు మీద ఇంత ఆకలా అని మురిసిపోయి, ఇంకో ఆరు పాఠాలు చేర్చాడు. రాజమణి మరో ఆరు తాళాలు వెనక్కి వెళ్లింది. "మీ సందేహాలు రాయండి" అన్న చోట ఎవరూ ఏమీ రాసినట్టు లేదు. అంత విడమరిచి చెప్పానన్నమాట అనుకున్నాడు. అక్కడ రాసింది ఎటు పోతుందో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు.

నాగిరెడ్డిపేట నుంచి పన్నెండు మందీ వచ్చిన ఎల్లారెడ్డి సంఘ భవనంలో మిషన్లు గంటన్నర పాటు గడగడలాడాయి. పన్నెండు బడి చొక్కాలు బల్లమీదికి వచ్చాయి. పద్మప్రియ ఒక్కో కుట్టూ లాగి చూసింది. కాలర్లు మడతపడకుండా నిలబడ్డాయి.

"ఇంత పని ఫోన్లోనే నేర్పించారా బాలకృష్ణగారూ?"

బాలకృష్ణ చెయ్యి ప్రసంగం ఉన్న జేబులోకి వెళ్లింది. కాలర్ పాఠం ఇంకా ఎవరికీ తెరుచుకోనే లేదన్న సంగతి ఆ సంతోషంలో అతనికి తట్టలేదు.

పద్మప్రియ మిషన్‌కున్న ఒక చిన్న మర మీద వేలు పెట్టి, "దీని పేరేమిటమ్మా?" అని దేవవ్వను అడిగింది.

"పేరుతోని ఏం పని మేడం? తిప్పితే దారం బిగుసుకుంటది."

"అదేంది అవ్వా! పదకొండో పాఠమది. నీకు నూటికి నూరొచ్చినయి!" అన్నాడు బాలకృష్ణ.

"నాకెక్కడియి సారూ? అవి మా ముసలాయనకొచ్చినయి."

నాట్లకు పోయేటప్పుడు ఇంటి తాళంచెవులు అప్పగించినట్టే, పన్నెండు మందీ ఫోన్లు తెచ్చి దేవవ్వ మొగుడు ఎంకయ్యకు అప్పగించారట. మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉండే ఎంకయ్య వాటిని మంచం మీద వరసగా పరిచి, అడిగినప్పుడల్లా పచ్చ బటన్ నొక్కాడు. ప్రశ్న వస్తే ఒకటి కాకుంటే ఇంకొకటి, రైటు పడేదాకా నొక్కాడు.

"మరి కాలర్ ఎవరు నేర్పిన్రు?"

"నేనే తమ్మీ" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ రాజమణి. "ఫోన్ల నా చేతులు వచ్చేసరికి కోతలు గూడ అయితయని, బస్సెక్కి నాలుగు పొద్దులు పోయొచ్చిన."

భార్య వెంట వచ్చి మూల కూర్చున్న ఎంకయ్య ఉండబట్టలేక లేచాడు. "నన్నడుగుండ్రి మేడం."

అడిగింది. అరవై రెండు భాగాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. రికార్డు చేసేటప్పుడు ముప్పై నాలుగో భాగం దగ్గర బాలకృష్ణ దగ్గాడు. ఎంకయ్యా అక్కడే దగ్గాడు.

పద్మప్రియ అతని చేతికి సూదీ దారం ఇచ్చింది. "ఎక్కించండి."

ఎంకయ్య సూదిని కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇది ఎన్నో పాఠంల ఉన్నది సారూ?" అన్నాడు.

బాలకృష్ణ ఇరవై ఏడు పాఠాలూ మనసులో తిరగేశాడు. ఎక్కడా లేదు.

పద్మప్రియ ల్యాప్‌టాప్‌లో రాజమణి వీడియో పెట్టించి చివరిదాకా చూసింది. ఆడవాళ్లంతా ఆమె వెనక మూగి, రాజమణి చేతులు కనబడగానే "ఇగో, గిట్లనే చెప్పింది" అన్నారు.

"కోర్సు జిల్లాకు తీసుకుంటాం" అంది పద్మప్రియ. "ఈ తొమ్మిది నిమిషాలు ఉంచి, మిగతావి తీసెయ్యండి. రాజమణిగారు వారానికోసారి వెళ్లి చూసొస్తారు."

గెలిచాడో ఓడాడో బాలకృష్ణకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో ఒక్కో పాఠమే తీసేస్తుంటే, సూది పుట్టుక దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. కామారెడ్డి చేరేసరికి వీడియో ఒక్కటే మిగిలింది. అది మరీ బోసిగా కనిపించింది.

సోమవారం దానికి పన్నెండు నిమిషాల పరిచయం చేర్చాడు.