రెండవ వరుసను మొదటికెక్కించిన సంగ్రామము

తమిళనాటి ఆడిమాసపు తగ్గింపు ధరలను చాటు మైకులు దిక్కులు పిక్కటిల్ల మ్రోగుచుండగా, సముద్రపు గాలి ఇంకను దయచేయని ఒకానొక శుక్రవారపు అపరాహ్ణమున, గడియారము నాలుగు గంటల ఐదు నిమిషములు చూపువేళ, చలనచిత్ర శ్రమజీవుల నిలయమైన కోడంబాక్కమున, రైలుపట్టాల ప్రక్కనున్న ఒక భవనపు మూడవ అంతస్తున, పదునేడేండ్ల లయ అను కన్య ల్యాప్‌టాపు నెదుట కూర్చుండి గోళ్లు కొరుకుచుండెను.

ఏల కొరుకుచుండెను? వినుడు. ఇంజనీరింగు కౌన్సెలింగునకు కళాశాలల పట్టికను సమర్పించుటకు ఆ సాయంకాలము ఐదు గంటలే కడపటి గడువు. కంప్యూటర్ సైన్సు కొరకు ఆమె నలభైమూడు కళాశాలలను వరుసగా పేర్చియుండెను. కలహమంతయు మొదటి రెండింటి గురించియే. మొదటి వరుసలోనిది నగరమునకు దక్షిణమున నలభై కిలోమీటర్ల దూరమున గాజుగోడలతో ధగధగలాడు క్రొత్త కళాశాల. రెండవ వరుసలోనిది నాలుగు స్టేషన్ల అవతలనున్న, పెచ్చులూడిన పాత కళాశాల. పాతదానిని పైకి తేవలెనని లయ కోరిక. క్రొత్తదానిని కదలనీయరాదని ఆమె తల్లి, సినిమా దుస్తులు కుట్టుటలో అందెవేసిన చేయియైన భార్గవి పంతము.

"ఆ పాతదాంట్లో ఫ్యాన్లు గూడా సరిగ్గా తిరగవంట. దీనికైతే ఏసీ బస్సు మన వీధిలోకే వస్తాది," అనెను భార్గవి.

"పోయి వచ్చేదానికే నాలుగు గంటలు అయిపోతాదిమా. నేను ఇంక చదివేది ఎప్పుడు?" అనెను లయ.

పై అంతస్తు నుండి పంచదార కొరకు దిగివచ్చి, పంచదారను మరచి, యుద్ధమున ప్రవేశించిన తిరువేంగడము తల్లి పక్షమున నిలిచెను. "మావాడు ఆడనే కదమ్మా చదవతా ఉండాడు! బిల్డింగు చూస్తే ఎయిర్‌పోర్టు మాదిరి ఉంటాది!"

అంతలో మెట్లు అదరుచుండగా వచ్చెను వీరుడు! ముప్పదియేండ్లుగా పౌరాణిక చిత్రములలో రాక్షసులెల్లరకు గాత్రదానము చేసిన డబ్బింగు కళాకారుడు, భార్గవికి అన్న, లయకు మేనమామ, మొన్న శనివారము ఆమెను ఆ పాత కళాశాలకు తోడుకొనిపోయినవాడు, లక్ష్మీపతి!

"అన్నా, నువ్వన్నా దీనికి చెప్పు," అని చెల్లెలు వేడెను.

ఆ గంభీరకంఠుడు గుమ్మముననే నిలిచి ఇట్లు గర్జించెను: "ఓ భగినీ! గాజుగోడలను గాంచి మోహింతువా? ఓ తిరువేంగడమా! విమానాశ్రయమున విమానము లభించును గాని విద్య లభించునా? పాఠము చెప్పువాడెవ్వడో ఎరుగక పిల్లను పంపుట సారథి లేని రథమెక్కించుట గాదా? ఇప్పుడే విచారించెదను. ఫోను తెమ్ము!"

ఫోను వచ్చెను. స్పీకరు మ్రోగెను. గాజు కళాశాల కార్యాలయమున ఎవరో యువకుడు ఫోనెత్తగా, లక్ష్మీపతి తన రాక్షసస్వరమున, తమిళమున, "మీ కంప్యూటర్ సైన్సున ప్రోగ్రామింగు బోధించువాడెవ్వడు?" అని అడిగెను.

ఆవలి గొంతు వణకెను. "సార్... పేపర్లో ప్రకటన ఇచ్చాం సార్. ఇంకా ఎవరూ చేరలేదు."

"మరి ఏమున్నది?"

"స్విమ్మింగ్ పూల్ ఉంది సార్."

తిరువేంగడము నేల చూపులు చూచుచు, "మావాడు ఈత మాత్రం బాగా నేర్చుకున్నాడు," అనెను.

విజృంభించిన లక్ష్మీపతి పాత కళాశాలకు ఫోను చేసెను. అది చాలసేపు మ్రోగిన పిమ్మట పరిమళ అను అధ్యాపకురాలు తానే ఎత్తి, "ల్యాబులో ఉన్నాను, త్వరగా చెప్పండి," అనెను. "మా మేనకోడలు లయ గురించి," అని ఇతడు అనగానే ఆ స్వరము మారిపోయెను.

"శనివారం వచ్చిన లయేనా? మా పిల్లలు ప్రోగ్రాములో మూడురోజులు వెతికినా దొరకని తప్పుని పావుగంటలో పట్టేసింది! చేరుతోందా?"

భార్గవి కూతురివైపు తిరిగెను. "అట్నా? నాకు చెప్పనేలేదే!"

"నువ్వు బస్సు గురించే అడిగితివిమా."

"నేనును ఎరుగను. ఆ సమయమున క్యాంటీనులో బజ్జీలతో పోరుచుంటిని," అని మేనమామ స్వరము తగ్గించి ఒప్పుకొనెను.

భార్గవి ఒక్క క్షణము కూతురిని, కొలత తప్పి కుట్టిన రవికను చూచినట్లు పరికించెను. తప్పు గుడ్డది కాదని ఆమెకు తెలియును. కన్నులు తుడుచుకొని, "సెరి. పైకి తొయ్యి," అనెను.

అప్పుడు చెలరేగెను అసలు యుద్ధము! నాలుగు గంటల ఏబదియొక్క నిమిషములు. తమిళనాటి విద్యార్థి అక్షౌహిణులన్నియు అదే వెబ్‌సైటుపై ఒక్కుమ్మడిగా దండెత్తియుండగా, తెరపై తెల్లని చక్రము గిరగిర తిరుగుచుండెనే గాని పుట తెరచుకొనదాయెను. లక్ష్మీపతి రౌటరును సింహనాదముతో బెదరించెను, అది బెదరలేదు. అంతట, ఇప్పటివరకు శత్రుపక్షముననున్న తిరువేంగడము జేబులోని ఫోను తీసి, "ఇదో, నా హాట్‌స్పాటు తీసుకోమా," అని సంధి చేసెను.

చక్రము ఆగెను. లయ పైబాణపు గుర్తును నొక్కెను. ఓటీపీ భార్గవి ఫోనునకు వచ్చెను. కళ్లజోడు దొరకక ఆమె దానిని చాచిన చేతి దూరమున పట్టి ఒక్కొక్క అంకెను మంత్రమువలె చదువగా, కూతురు టైపు చేసెను. "మీ ఎంపికలు నమోదైనవి" అని తెర పలికెను.

సీటు వచ్చునో రాదో ఇంకను నాలుగు రోజులు ఆగవలెను. అయినను ఓ జనులారా, శంఖములు పూరింపుడు! ఆ శుక్రవారము, ఐదు గంటలకు రెండు నిమిషములుండగా, నలుగురు యోధుల సమష్టి పరాక్రమమున, నలభైమూడు వరుసల పట్టికలో ఒకానొక వరుస, ఒకే ఒక్క మెట్టు పైకెక్కెను!