భగ్గుమన్నదెవరు?

ఒక పెద్ద అడవిలో అరవాలంటే అర్జీ పెట్టుకోవాల్సిన రోజులొచ్చాయి.

దానికంతటికీ కారణం జూలుదొర మధ్యాహ్నపు కునుకు. ఆ సింహపు దొరవారి కళ్ళు మూతపడే వేళకే ఏ దున్నో రంకె వేసేది, ఏ కోతో చిందులు తొక్కేది. "ఇకమీదట అనుమతి లేనిదే ఎవరూ ఆవేశపడరాదు!" అని దొర గర్జించాడు. గర్జన మాత్రం ఆవేశం కిందికి రాదని, అది పరిపాలన కిందికి వస్తుందని పక్కనున్నవాళ్ళు వివరించారు.

ఈ పని చూడ్డానికి కంటకయ్య అనే ఏదుపందిని గుమాస్తాగా వేశారు. కలం కావాలంటే వీపుమీంచి ఒక ముల్లు పీక్కుంటే చాలు, అంతకన్నా అర్హతేం కావాలి? కంటకయ్య పనిమంతుడే. పాపం, మాటల పిచ్చోడు. మూడు నెలలు కూర్చుని ఆవేశాలన్నిటికీ పట్టీ రాశాడు. దున్నలకు రంకె, కోతులకు చిందులు, ఎలుగులకు శివాలు, ఏనుగులకు వీరంగం. పూనకం ఏడాదికి ఒక్కసారే, అదీ జాతరకు. భగ్గుమనడం అందరికీ ఉమ్మడి.

తను మాత్రం ఏ ఆవేశమూ ఎరగనట్టు ముళ్ళకు ఆముదం రాసి వెనక్కి దువ్వుకునేవాడు. "పెళ్ళయిన నాటినుంచి ఒక్కసారైనా నా ముళ్ళు లేచాయా చెప్పు" అని భార్యతో సవాలు చేసేవాడు. ఆమె ఇద్దరు కూనలతో పడమటి గట్టు బొరియలో ఉండేది. సాయంత్రం ఇంటికెళ్ళి కూనలకు రోజుకో కొత్త మాట నేర్పడమే కంటకయ్యకు పెద్ద సంతోషం.

ఒకరోజు బండన్న అనే అడవిదున్న వరుసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, వినయంగా అడిగాడు.

"రంకె వేయాలండీ, కాస్త అనుమతి ఇప్పించండి."

"రంకె ఒక్కటేనా, కాలు దువ్వడం కూడా ఉందా?"

"రెండూ కలిసే వస్తాయండీ."

"అయితే రెండు అర్జీలు. ఎవరి మీద?"

బండన్న బుర్ర గోక్కున్నాడు. "నిలబడి నిలబడి మరిచిపోయానండీ."

కంటకయ్య మురిసిపోయాడు. "చూశావా, కార్యాలయం పనిచేయడమంటే ఇదీ!"

అంతలో తీతమ్మ అనే తీతువు పిట్ట రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడింది. "భగ్గుమంది! భగ్గుమందయ్యా!"

"నెమ్మది! ఇక్కడ అరిచినవాళ్ళు వరుసలో చివరికి పోతారు."

తీతమ్మకు ఆ శిక్ష ఇదివరకే రెండుసార్లు పడింది. తీతువు కూస్తే అశుభమని ఆమెను అందరూ విసుక్కునేవాళ్ళే. నోరు నొక్కుకుని నిలబడింది.

"అనుమతి లేకుండా భగ్గుమన్నదెవరు?"

"ఎండుగడ్డి, అయ్యా."

"ఆ పేరుగలవాళ్ళు మన పట్టీలో లేరే. సరే, రెచ్చగొట్టిందెవరు?"

"గాలి."

"ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఎప్పటికి చల్లారతారు?"

"వాన పడితేగానీ చల్లారదయ్యా."

"అబ్బో, పాతకక్ష!" అని కంటకయ్య గుండ్రంగా రాసుకున్నాడు. ఇక అర్జీలో మిగిలింది ఆఖరి గడి. ఆవేశంలో చోటుదేముందని దాన్ని చివర పెట్టింది తనే.

"చోటు?"

"పడమటి గట్టు. మీ బొరియ వైపే పోతోందయ్యా."

కలం జారిపడింది. ఆముదం ఏమైందో, దువ్వెన ఏమైందో, కంటకయ్య వీపుమీద ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. అర్జీల కట్టలు తొక్కుకుంటూ బయటికి దూకి గొంతు చించుకున్నాడు. "మంట! మంట! అయ్యో, నా పిల్లలు!"

వరుసలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"గుమాస్తాగారికి మంటట" అంది కోతి. "ఎవరి మీదో?"

"పై ఉద్యోగం నక్కకిచ్చారుగా. కడుపుమంట అయ్యుంటుంది" అంది ఎలుగు.

"అర్జీ పెట్టారాండీ?" అని బండన్న మర్యాదగా అడిగాడు.

కంటకయ్యకు ఏడుపొచ్చేసింది. తను నేర్పిన పాఠమే అది, ఒక్కరూ మరిచిపోలేదు. "నీ కాళ్ళు పట్టుకుంటాను బండన్నా, రంకె వెయ్యి! నీ మందను పిలువు! అడవి తగలబడుతోంది!"

"మరి రెండు అర్జీలు..." అని బండన్న నసిగాడు.

తీతమ్మ ఇక ఆగలేకపోయింది. శిక్షకు తెగించి అతని చెవి దగ్గరికెళ్ళి కెవ్వుమంది. బండన్న అదిరిపడి రంకె వేశాడు. ఆ రంకెకు మంద కదిలింది, మంద వెనక ఏనుగులు కదిలాయి. దున్నలు గట్టుమీద ఎండుగడ్డిని తొక్కి మట్టి చేశాయి, ఏనుగులు తొండాలతో వాగు నీళ్ళు కుమ్మరించాయి. మంట బొరియకు పదడుగుల ఇవతల ఆగింది. మూతులు నల్లబడిన కూనలు తల్లితో బయటికొచ్చాయి. కంటకయ్య వాటిని దగ్గరికి తీసుకోబోయాడు. ఎంత తంటాలుపడ్డా ముళ్ళు దిగలేదు.

మర్నాడు దొర వాగు ఒడ్డున సభ పెట్టించాడు. ముందురోజు ఆయన కునుకు చెడింది.

"అనుమతి లేకుండా అరిచింది మా గుమాస్తాయేనట! ఏ మాట కింద రాశావు?"

కంటకయ్య పట్టీ అంతా తిప్పి చూశాడు. "నిన్నటిదానికి మాట దొరకలేదు దొరా."

"దొరక్కపోవడమేమిటి?" అని దొర జూలు విదిల్చి మండిపడ్డాడు. "పిల్లల కోసం అరిస్తే అరుపు కాకుండా పోతుందా?"

కంటకయ్య గొంతు పెంచలేదు. వెనక నిలబడ్డ ఏనుగుల వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"దొరవారు మండుతున్నారు."

ఏనుగులు ముందురోజే బుద్ధి తెచ్చుకున్నాయి. ఎవరి మీదని అడగలేదు, అర్జీ ఏదని అడగలేదు. ఆరు తొండాల నీళ్ళు దొర నెత్తిన పడ్డాయి. అప్పటికి కంటకయ్య ముళ్ళు దిగాయి.

నీతి: ఇల్లంటుకుంటే ముందు సరైన మాట వెతుక్కోవాలి, నీళ్ళదేముంది, దొర మండిపడితే అవే వస్తాయి.