నాలుగువందల పన్నెండు పొగడ్తలు

తెలిసినవాళ్ల పొగడ్త ఒట్టి దండగ. పొగిడించుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్ల చేతే పొగిడించుకోవాలి! నా మాట తీసిపారేయకండి. మా కోడలి కుట్టుమిషన్ల రిపేరు షాపు సాక్షిగా చెబుతున్నాను.

తెలిసినవాళ్లు ఎలా పొగుడుతారు? "పనిమంతురాలే కానీ, కాస్త నోటి దురుసు" అంటారు. ఆ 'కానీ' తగిలించకపోతే వాళ్లకు అన్నం అరగదు. తెలియనివాళ్లకు ఆ జబ్బు లేదు. ఏ మాట చేతిలో పెడితే ఆ మాటే అంటారు. మనుషులంటే వాళ్లండీ!

మా కోడలు పదకొండేళ్లు పరుపుల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసింది. సూపర్‌వైజరు చేత మాటలు పడలేక బయటికొచ్చి సొంతంగా షాపు పెట్టుకుంది. చక్రం ఒక్కసారి తిప్పి చెవి ఆనించిందంటే బాబిన్‌లో దారం చిక్కుపడిందో, సూది వంకరపోయిందో ఇట్టే చెప్పేస్తుంది. అయినా ఈ రోజుల్లో పని వస్తే సరిపోతుందా? నెలకు పాతిక మిషన్లయినా రాకపోతే షట్టరు దించి, మళ్లీ ఆ సూపర్‌వైజరు ముందే చేతులు కట్టుకుని నిలబడాలి. దానికంటే సూది మింగడం నయమంటుంది. అందుకే షాపు వెబ్‌సైటును పైకి తేవడానికి ఒక నిపుణుణ్ణి పెట్టుకుంది. మా ఇంట్లో ఆయన పేరు లింకుల మాస్టారు.

మొదటిరోజే ఆయన ల్యాప్‌టాప్ తెరిచి పెదవి విరిచాడు. "మేడమ్, మీ యాంకర్ టెక్స్ట్ చాలా వీక్‌గా ఉంది."

కోడలు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "మార్చేద్దాం లెండి. ఏ కంపెనీ మిషనుది?"

పాపం, ఓపిగ్గానే చెప్పాడు. ఎవరి వెబ్‌సైట్లోనో నీలంరంగులో, కింద గీతతో కొన్ని మాటలుంటాయి. వాటిని నొక్కితే మన వెబ్‌సైటుకు వస్తారు. ఆ దారి బ్యాక్‌లింకు. ఆ నీలం మాటలు యాంకర్ టెక్స్ట్. నాకు చక్కగా అర్థమైంది. మన ఇల్లెక్కడని అడిగితే వీధిలో ఎవరో వేలు చూపిస్తారు చూడండి, ఆ వేలు లింకు. చూపిస్తూ "అదిగో, ఆ మహాతల్లి ఇల్లే" అంటారే, అది యాంకర్ టెక్స్ట్. ఎన్ని వేళ్లు మనవైపు తిరిగితే సెర్చ్‌లో అంత పైకెక్కుతామట!

రెండు నెలల్లో మాస్టారు నాలుగువందల పన్నెండు వేళ్లు తిప్పాడు. అన్నీ ఒకటే పాట: 'ఉత్తమ కుట్టుమిషన్ రిపేరు సేవలు'. ఎక్కడెక్కడినుంచి అనుకున్నారు? కుక్కలకు స్నానం చేయించేవాళ్ల నుంచి. పుచ్చుపళ్లు పీకేవాళ్ల నుంచి. 'జుట్టు రాలడానికి పది కారణాలు' అనే వ్యాసంలో ఏడో కారణానికీ ఎనిమిదో కారణానికీ మధ్య మా కోడలు! బట్టతలాయన అద్దం ముందు దిగులుపడుతుంటే, పోనీ కుట్టుమిషనైనా బాగుచేయించుకోమని గుర్తుచేసే దయగలవాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. జలాంతర్గాముల చరిత్ర రాసినాయన కూడా మమ్మల్ని ఉత్తములనే అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

షాపు వారంపాటు మొదటి పేజీలో వెలిగి, తర్వాత ధబేలున తొమ్మిదో పేజీలో పడింది.

"అందరూ ఒకే మాట అనేసరికి సెర్చ్ ఇంజిన్‌కి అనుమానం వచ్చింది మేడమ్" అన్నాడు మాస్టారు, అనిపించింది తాను కానట్టు.

మా పెద్దాడపడుచుకు అచ్చం ఇలాగే జరిగింది. అద్దె ఇంటికోసం అయిదుగురి చేత తన మంచితనం చెప్పించింది. అయిదుగురూ "చీమకైనా హాని తలపెట్టదండీ" అన్నారు. "చీమ సంగతి ఇంతమందికి ఎలా తెలిసిందమ్మా?" అని ఇంటాయన తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక మాస్టారు అనాలిసిస్‌కు దిగాడు. గుండ్రటి బొమ్మ గీసి, రంగులేసి, ముక్కలు కోశాడు. ఇంతశాతం షాపు పేరుండాలట. ఇంతశాతం 'ఇక్కడ నొక్కండి' ఉండాలట. కొన్ని పొగడ్తలు కాస్త పరధ్యానంగా కూడా ఉండాలట! ఎందుకయ్యా అంటే "నేచురల్‌గా కనబడాలి కదా అమ్మగారూ" అన్నాడు. సహజత్వాన్ని చెంచాతో కొలిచి పోసే రోజులు చూశాను, నా జన్మ ధన్యం.

ఏ ముక్కలోనూ ఇమడకుండా ఒక్క లింకు మిగిలిపోయింది. లాండ్రీ మేడమీది హాల్లో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే టీచరమ్మది. నేర్చుకునేవాళ్ల కోసం తన పేజీలో ఎప్పుడో రాసుకుంది: 'మిషను మొరాయిస్తే బెంగపడకండి, చెవి ఆనించి రోగం చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్లండి.' 'చెవి ఆనించి' దగ్గర్నుంచి చివరిదాకా నీలంరంగే.

"ఇది టాక్సిక్ మేడమ్. విషం!" అన్నాడు మాస్టారు. "జనం సెర్చ్‌లో కొట్టే మాట, కీవర్డ్, లేదు. షాపు పేరు లేదు. చెవేంటి, రోగమేంటి? మిమ్మల్ని చెవి డాక్టరనుకుంటుంది సెర్చ్ ఇంజిన్!"

"ఆవిడ నాకు బాగా తెలుసండీ" అంది కోడలు మెల్లగా.

"అదే వచ్చిన చిక్కు. తెలిసినవాళ్లు వాళ్లకు తోచింది రాసేస్తారు."

కోడలి కళ్లముందు సూపర్‌వైజరు మెదిలాడు కాబోలు, "సరే, తీయించేయండి" అంది. మాస్టారు వెంటనే ఆమె పేరుతో టీచరమ్మకు మెయిల్ కొట్టాడు. 'మీ లింకు వలన మా సంస్థ ప్రతిష్ఠకు హాని కలుగుచున్నది. ఏడు రోజులలో తొలగించగలరు.'

మూడోరోజు టీచరమ్మ ఫోను చేసింది. కోడలి చేతినిండా ఆయిల్. స్పీకర్లో పెట్టింది.

"ఏమ్మా, నావల్ల నీకు హానా?"

"అయ్యో టీచరమ్మా, అది నేను రాసింది కాదు..."

"కింద నీ పేరే ఉందిగా. పోనీలే, తీసేశాను. మావాళ్లకి కూడా చెప్పేశాను, ఇకమీదట ఆవిణ్ణి మన నోటితో మంచిదనకూడదటర్రా, ఆవిడకి పడదట అని."

ఆ తర్వాత పదహారు రోజులు షాపులోకి ఒక్క మిషను రాలేదు. అప్పుడు లెక్క తేలింది. అన్నాళ్లూ మిషను మోసుకొచ్చిన ప్రతి ఆడమనిషీ టీచరమ్మ దగ్గర నేర్చుకున్నదే! బట్టతలాయన రాలేదు. జలాంతర్గామిలోంచి ఒక్క ఫోనూ రాలేదు. మాస్టారి రిపోర్టు మాత్రం వేళకు వచ్చింది: 'అభినందనలు! మీ లింకులు నూటికి నూరుశాతం ఆరోగ్యంగా ఉన్నాయి.' నిజమే. జ్వరం లేదు, దగ్గు లేదు. ఊపిరొక్కటే లేదు.

కోడలు టూల్‌బాక్సు పట్టుకుని లాండ్రీ మేడ ఎక్కింది. ఒక్కో మిషను ముందూ కూర్చుని, దుమ్ము దులిపి, ఆయిల్ వేసుకుంటూ పోయింది. టీచరమ్మ కత్తెర ఆపలేదు, తలెత్తలేదు. పన్నెండో మిషను దగ్గరికొచ్చాక అంది: "ఆ మూలదాని బెల్టు కూడా చూడు. కీచుమంటోంది."

దిగబోతుంటే అడిగింది: "మళ్లీ రాస్తాలే. నీకు హాని చేయని మాటలేవో నువ్వే చెప్పు."

"మీకేం తోస్తే అది రాయండి టీచరమ్మా."

రాసింది. 'మిషను కళ్లుమూసుకుని ఈవిడ చేతిలో పెట్టండి, ఉత్తరాలు మాత్రం రాయించకండి.' ఈసారి మొత్తం నీలంరంగే. కీవర్డ్ ఇప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున్నే షాపులో ఫోను మోగింది. మాస్టారు.

"మేడమ్, మళ్లీ విషపు లింకు తగులుకుంది. చాలా ప్రమాదకరం. తీయించేయమంటారా?"

"ఫోను పెట్టేయండి మాస్టారూ, అవతల ఎవరో మిషను ఆగిపోయిందని లైన్లో ఉన్నారు."