మూత తీయని లైసిన్ డబ్బా

మా అపార్టుమెంటు పిల్లలందరూ ఒకేసారి పొడుగయ్యారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. కారణం లైసిన్ పొడి. అదొక అమైనో ఆమ్లం. అమైనో ఆమ్లమంటే ఏమిటని ఎవరూ అడగలేదు. పలకడానికే ఇంత కష్టమైనది పనిచేయకుండా ఎలా ఉంటుంది?

దాన్ని మాకు ప్రసాదించిన మహనీయురాలు మా ఆయన అక్క, అంటే మా వదిన. పై అంతస్తులో ఉంటుంది. ఇంతకుముందు నీళ్ళ ఫిల్టర్లు అమ్మింది కనుక ఆరోగ్యరంగంలో ఆవిడ అనుభవాన్ని శంకించడానికి వీల్లేదు.

మా పాప సన్నగా ఉంటుంది. నోట్లో ముద్ద పెట్టుకుని, మింగడం మరిచి, కిటికీలోంచి లోకాన్ని పరిశీలిస్తుంది. దాని చేతులు చూసినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. అది తెలిసే వదిన మొదటి డబ్బా నా చేతిలో పెట్టింది.

“ఎలుకలకి పెట్టి చూశారట. ఏపుగా పెరిగాయట!”

“అవి ఎలుకలు కదా వదినా...”

“నీ పిల్ల మాత్రం? ఎలుకపిల్లలాగే ఉందిగా!”

శాస్త్రీయంగా ఇంతకు మించి చెప్పగలిగేది లేదు.

నేను పిరికిదాన్ని. డబ్బా పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. “లైసిన్ పప్పులో ఉంది, పాలలో ఉంది, గుడ్డులో ఉంది. అవి తినే పిల్ల దీనివల్ల పొడుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదమ్మా. పాప బాగానే ఉంది” అన్నాడాయన. ఇంటికొచ్చి చెబితే, “పప్పన్నం పెట్టమని చెప్పడానికి డాక్టరెందుకే!” అంది అత్తయ్య. పాపం, ఆయన చదువు ఆ పూటతో వ్యర్థమైపోయింది. నేను మాత్రం మూత తీయకుండా డబ్బాను బీరువా మీద పెట్టేశాను.

ఆధారమేగా కావాలి, నేనే పుట్టిస్తానంది వదిన. ఒక ఆదివారం పిల్లలందరినీ సెల్లారు స్తంభానికి ఆనించి, సుద్దముక్కతో గీతలు గీసింది. అప్పుడందరూ ఉత్తకాళ్ళతో ఉన్నారు. ఇంటింటికీ డబ్బాలు అమ్మింది. మూడు నెలలయ్యాక, స్కూలు వ్యాను దిగినవాళ్ళను దిగినట్టే నిలబెట్టి కొలిచింది.

“బూట్లు విప్పించాలేమో” అంది పక్కింటావిడ.

“పాదం పెరగబట్టేగా కొత్త బూట్లు కొన్నారు?”

అభ్యంతరం వీగిపోయింది. పొడి తాగి వాంతులు చేసుకున్న కింది ఫ్లాటు బాబును లెక్కలోంచి తీసేశారు. వాడి కడుపుకి నమ్మకం లేదట. అందరికంటే ఎక్కువ పెరిగింది మా పాప. దాని బూట్ల అడుగు బాగా మందం.

వదినకి సన్మానసభ పెట్టారు. “తల్లులారా! పెరిగితే పొడి గొప్పతనం, పెరగకపోతే కలిపే చేతిలో లోపం!” అని వదిన మైకులో గర్జించింది. అందరూ వెనక్కి తిరిగి ఆ బాబు తల్లిని, కింది ఫ్లాటు అమ్మాయిని చూశారు. ఒళ్ళో వాడిపోయిన బాబుతో, ఆ అమ్మాయి సంచిలోంచి మళ్ళీ అదే డబ్బా తీస్తోంది.

అంతలో, ఎక్కువ పెరిగిన పిల్ల తల్లినని నా చేతికి మైకిచ్చారు. అత్తయ్య మొదటిసారి నన్ను చూసి మురిసిపోతోంది. అయినా చెప్పేశాను.

“మా పాపకి నేను ఒక్క చెంచా కూడా పట్టలేదండీ. డబ్బా మూతే తీయలేదు. బాబుకి అది మాన్పించమ్మా.”

వదిన తొణకలేదు.

“విన్నారా! డబ్బా ఇంట్లో ఉంటేనే ఇంత పెరిగిందంటే, ఇక తాగితే?”

చప్పట్లు మోగిపోయాయి. అందరూ రెండేసి డబ్బాలు కొన్నారు, తాగడానికొకటి, ఉంచుకోవడానికొకటి. కింది ఫ్లాటు అమ్మాయి ఉంచుకునేది మాత్రమే కొంది. ఈ ఉద్యమంలో నేను సాధించిన ఘనవిజయం అదొక్కటే.

ఇంటికొచ్చి పాప బూట్లు విప్పి, గోడకి నిలబెట్టి కొలిచాను. వయసుకి ఎంత పెరగాలో అంతే పెరిగింది. డాక్టరు చెప్పింది నిజమే. నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

అయినా, ఆ డబ్బాను బీరువా మీదనుంచి దించి, పాప తలగడ పక్కన పెట్టాను. నవ్వకండి. మీరైతే పారేసేవారా?